సీటులో భాగమా, బండిలో భాగమా? చైనా నుంచి రిక్లైనర్లు తెప్పించిన నా అనుభవం

మాది విజయవాడ ఆటోనగర్. బస్సు బాడీలు కట్టేవాళ్ళకి సీట్లు తయారు చేసి ఇస్తాం. నాన్న రెక్సిన్ కుట్టే మిషన్ ఒక్కటి పెట్టుకుని మొదలుపెట్టిన షెడ్డులోనే ఇప్పుడు పైపు వంచడం, వెల్డింగ్, ఫోమ్, కుట్టుపని అన్నీ జరుగుతున్నాయి. మా చేతుల్లో లేనిది ఒక్కటే, పుష్‌బ్యాక్ సీటు పక్కన ఉండే రిక్లైనర్. రాత్రి బస్సులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తూ చెయ్యి ఆనించే చోట మీట నొక్కి వెనక్కి వాలతాం కదా, ఆ వాలిన చోట మనల్ని నిలబెట్టేది అదే.

2022 దసరా తర్వాత మేం సీట్లు వేసిన బస్సు ఒకటి తిరిగొచ్చింది. 40 సీట్లలో 9 సీట్లకి వీపు నిలబడటం లేదు. ఆనుకుంటే చాలు, జారిపోతోంది. ఒక పెద్దావిడ సీటు ఒక్కసారిగా వెనక్కి పడిపోయి మెడ పట్టేసిందని ఓనర్ చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ సీటు మీద మా షెడ్డు స్టిక్కర్ ఉంది.

అప్పటిదాకా ఇక్కడ దొరికే రిక్లైనర్లే వాడేవాళ్ళం. ఒక లాటు బాగుంటే ఇంకో లాటు బాగుండేది కాదు. మన దేశంలో మంచివి చేసేవాళ్ళు లేక కాదు. వాళ్ళు పెద్ద కంపెనీల ఆర్డర్లతో బిజీగా ఉంటారు, మాలాంటి చిన్న ఆర్డరుకి నెలల తరబడి ఆగమంటారు. అలా చైనా వైపు చూశాను. అక్కడ చెచియాంగ్ రాష్ట్రంలో వెన్‌చౌ దగ్గర రుయాన్ అనే ఊరు ఉంది. ఊరంతా ఆటో పార్టుల తయారీయే. మన ఆటోనగర్ లాగే ఒక షెడ్డు పక్కన ఇంకో షెడ్డు ఉంటుంది, కాకపోతే వాళ్ళ సరుకు ప్రపంచమంతా వెళ్తుంది.

కాగితాల పనిలో మొదటి భాగం నేను భయపడినంత కష్టం కాదు. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్, ఆన్‌లైన్‌లో 500 రూపాయల ఫీజుతో వచ్చేసింది. నంబరు కూడా మన పాన్ నంబరే. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపల దాన్ని అప్‌డేట్ చెయ్యాలి, వివరాలేమీ మారకపోయినా సరే. మర్చిపోతే కోడ్ ఆగిపోతుంది. విదేశీ చెల్లింపులు చూసే మా బ్యాంకు శాఖని కస్టమ్స్‌కి తెలిపే ఏడీ కోడ్ లెటర్ తీసుకున్నాను, కస్టమ్స్ బ్రోకర్‌కి ఆథరైజేషన్ ఇచ్చాను. ఇదంతా వారం పని.

శాంపిల్ కోసం ముగ్గురు తయారీదారుల నుంచి రెండేసి రిక్లైనర్లు కొరియర్‌లో తెప్పించాను. మా షెడ్డులో ముప్పై ఏళ్ళుగా ఉన్న మేస్త్రి బాబాయ్ వాటిని బల్ల మీద పెట్టి, ఒక్కోదాని పళ్ళ చక్రం చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నాడు. ఒకటి గరగరమంది. ఒకటి మరీ వదులుగా ఉంది. మూడోది తిప్పుతుంటే టిక్ టిక్ మని ప్రతి పన్ను విడివిడిగా పట్టుకుంటోంది. "ఇదిరా బాబూ, దీని మీద మనిషిని కూర్చోబెట్టొచ్చు" అన్నాడు. బస్సు సీట్ల బలానికి ఏఐఎస్-023 అనే ప్రమాణం ఉంది. ఆ రిక్లైనర్‌తో కట్టిన సీటుని టెస్టుకి పంపి, పాసయ్యాకే ఆర్డరు ఇచ్చాను. ఖర్చు ఎక్కువని కొంతమంది ఈ మెట్టు దాటేస్తారు. దయచేసి దాటెయ్యొద్దు. రిక్లైనర్ మారిందంటే సీటు మారినట్టే.

ఆర్డరు 1,200 రిక్లైనర్లు. వాటితోపాటు డ్రైవర్ సీటు ముందుకీ వెనక్కీ జరిపే స్లైడ్ రెయిళ్ళు 100 సెట్లు. 30 శాతం అడ్వాన్సు, మిగతా 70 శాతం ఓడ ఎక్కాక బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు ఓడవాళ్ళు ఇచ్చే రసీదు, దాని కాపీ చూసి. మధ్యలో ఒక రోజు "మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త ఖాతాకి పంపండి" అని సరఫరాదారు పేరుతోనే మెయిల్ వచ్చింది. వీడియో కాల్ చేసి అడిగితే, అది తాము పంపలేదన్నారు. ఈ పని చేసే ప్రతివాళ్ళకీ ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి మెయిల్ వస్తుంది. ఫోన్ చెయ్యకుండా ఒక్క రూపాయి కూడా పంపొద్దు.

నేను చేసిన పెద్ద తప్పు ఓడ కిరాయి దగ్గర. ఎఫ్‌ఓబీ అంటే అక్కడి రేవు దాకా ఖర్చు వాళ్ళది, ఓడ మనం మాట్లాడుకోవాలి. సీఐఎఫ్ అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కూడా వాళ్ళే చూసుకుని మన రేవు దాకా తెస్తారు. సరఫరాదారు సీఐఎఫ్ రేటు చెప్తే నమ్మలేకపోయాను, అంత తక్కువ. సంతోషంగా ఒప్పుకున్నాను. సరుకు ఇక్కడ దిగాక తెలిసింది అసలు సంగతి. మనది నిండు కంటైనర్ కాదు, పదిమంది సరుకుతో కలిపి వచ్చే ఎల్‌సీఎల్. అక్కడ తగ్గించిన కిరాయి మొత్తం ఇక్కడి ఫార్వర్డర్ (సరుకు రవాణా చూసే ఏజెంటు) బిల్లులో వేరే వేరే పేర్లతో తిరిగొచ్చింది. డెలివరీ ఆర్డర్ ఫీజు, హ్యాండ్లింగ్, డాక్యుమెంటేషన్, డీస్టఫింగ్, ఇంకా పేరు కూడా అర్థంకానివి. ఆ బిల్లు కట్టకపోతే డెలివరీ ఆర్డర్ ఇవ్వరు, అది లేకపోతే సరుకు కదలదు.

ఇంకో విషయం. ఎల్‌సీఎల్‌లో ఒక ఘనపు మీటరుని ఒక టన్నుతో సమానంగా చూసి, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి కిరాయి కడతారు. మా అట్టపెట్టెలు నాలుగు ప్యాలెట్ల మీద రెండున్నర ఘనపు మీటర్లే. కానీ ఉక్కు కదా, బరువు మూడు టన్నులు. అన్ని ఛార్జీలూ మూడు లెక్కన పడ్డాయి. ఫోమ్ తెప్పించేవాళ్ళకి ఇదే తిరగబడుతుంది.

ఇక అసలు కథ టారిఫ్ నంబరుది.

ప్రపంచంలో కొనే అమ్మే ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది. సుంకం ఎంతో చెప్పేది ఆ నంబరే. సీటు విడిభాగాలకి 9401 అనే శీర్షిక ఉంది. మోటారు వాహనాల విడిభాగాలకి 8708. సీటు బండిలోనే ఉన్నా, దానికంటూ ఫర్నిచర్ అధ్యాయంలో చోటుంది. బస్సు సీటుని కుర్చీ పక్కన పెట్టారన్నమాట. అయితే సీటు కింద ఉండే ప్రతి ఇనుప ముక్కా సీటులో భాగమా, బండిలో భాగమా? బ్రోకర్ గారు మొదటి రోజే నన్ను అడిగిన ప్రశ్న ఇదే. "ఏవండీ, మీరు సీట్లు చేసేవాళ్ళు. మీరే చెప్పండి."

నేను తేలిగ్గా తీసుకున్నాను. ఏ నంబరైతే ఏముందిలే అనుకున్నాను. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఇవి 2023 నాటి రేట్లు. లెక్క తేలికకి సరుకు విలువ 10 లక్షలు అనుకుందాం.

9401 అయితే బేసిక్ డ్యూటీ 25 శాతం, దాని మీద 10 శాతం సర్‌ఛార్జి. కలిపి 2,75,000. సరుకు విలువ, డ్యూటీ కలిపిన 12,75,000 మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 18 శాతం, 2,29,500. కట్టాల్సింది 5,04,500.

8708 అయితే బేసిక్ డ్యూటీ 15 శాతం, సర్‌ఛార్జితో 1,65,000. ఐజీఎస్టీ 28 శాతం, 3,26,200. కట్టాల్సింది 4,91,200.

చూడగానే రెండూ దాదాపు ఒకటే అనిపిస్తుంది. నేనూ అదే అన్నాను. ఆయన పెన్నుతో ఐజీఎస్టీ అంకెల చుట్టూ సున్నా చుట్టారు. "ఇది మీకు తిరిగొస్తుంది, మీరు సీటు అమ్మినప్పుడు కట్టే జీఎస్టీలో తగ్గించుకుంటారు. డ్యూటీ మాత్రం పోయిన డబ్బే." అప్పుడు తెలిసింది. ఒకదాంట్లో పోయేది 2,75,000, ఇంకోదాంట్లో 1,65,000. తేడా లక్షా పదివేలు. మాలాంటి షెడ్డుకి అది చిన్న మొత్తం కాదు.

ఈ లెక్క తెలిసిన ఒక స్నేహితుడు "అన్నీ ఆటో పార్ట్స్ అని 8708లో వేసెయ్, ఎవరు చూస్తారు" అన్నాడు. నాకు మనసొప్పలేదు. రిక్లైనర్ సీటులో భాగం కాదని నేను ఏ ముఖంతో రాయను? దాన్ని వీపుకీ సీటుకీ మధ్య బిగించేది మేమే కదా.

రెయిళ్ళ సంగతి వేరు. 2008లో సుప్రీంకోర్టు ఒక సెంట్రల్ ఎక్సైజ్ కేసులో సీటు కింది రెయిల్ అసెంబ్లీలు, స్లైడర్లు లాంటివి 9401లోకి రావని, అవి వాహనానికి యాక్సెసరీలని, 8708లోకి వస్తాయని తీర్పు చెప్పింది. అవి లేకపోయినా సీటు సీటే, ఉంటే సౌకర్యం అన్నది అందులోని ఆలోచన. బ్రోకర్ గారు ఆ తీర్పు కాపీ నాకు ఇచ్చారు. రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. నేను రోజూ చేతులతో చేసే పని గురించి న్యాయమూర్తులు అంత ఓపిగ్గా ఆలోచించారని తెలిసి ఆశ్చర్యపోయాను.

కాబట్టి రిక్లైనర్లు 9401లో, రెయిళ్ళు 8708లో వెయ్యాలని నిర్ణయించాం. బోల్టులు, స్ప్రింగులు మాత్రం సరఫరాదారుకి ముందే చెప్పి మాన్పించాను. ఎందుకంటే సీటు కోసమే చేసినా బోల్టు బోల్టే, స్ప్రింగు స్ప్రింగే. సాధారణంగా ఎక్కడైనా వాడే అలాంటి లోహపు భాగాలని ఫర్నిచర్ అధ్యాయం తనలో కలుపుకోదు, వాటికి 73వ అధ్యాయంలో వేరే నంబర్లున్నాయి. ఒక్కో రకానికి ఒక్కో లైను, ఒక్కో లైనుకి ఒక్కో ప్రశ్న. బోల్టులు మనకి ఇక్కడే దొరుకుతాయి.

బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే ఏ సరుకు ఏ నంబరు కింద వస్తోందో కస్టమ్స్‌కి చెప్పే పత్రం, ఓడ రాకముందు రోజుకే దాఖలు చెయ్యాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000. సెలవు రోజులు కూడా లెక్కలోకే. మా ఓడ ఆదివారం వచ్చేది. సరఫరాదారు కాగితాలు శుక్రవారం రాత్రి పంపారు. శనివారం మధ్యాహ్నానికల్లా బ్రోకర్ గారు దాఖలు చేసేశారు. ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మంగళవారం ప్రశ్న వచ్చింది. ఇప్పుడు అసెస్‌మెంట్ అంతా ఫేస్‌లెస్ పద్ధతి. మన సరుకు ఒక రేవులో ఉంటే దాన్ని పరిశీలించే అధికారి దేశంలో ఇంకెక్కడో ఉంటారు. ఎవరో తెలియదు, కలవడం కుదరదు. కంప్యూటర్‌లో నాలుగు లైన్లు వస్తాయి, అంతే. "లైను 2లోని సరుకు సీటు విడిభాగంగా కనిపిస్తోంది. 8708 కింద ఎందుకు చూపారో కేటలాగ్, వాడే విధానం, ఫోటోలతో వివరించండి" అని. లైను 1లో రిక్లైనర్లని కూడా ఏమిటో వివరించమన్నారు, ఎందుకంటే ఇన్వాయిస్‌లో సరఫరాదారు రాసింది రెండే మాటలు, "సీట్ పార్ట్స్".

ఈ రెండు మాటలే మా కొంప ముంచాయి. రిక్లైనర్ అని గానీ, రెయిల్ అని గానీ, ఉక్కు అని గానీ, ఏ బండికి అని గానీ లేదు. నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు.

బ్రోకర్ గారు జవాబు ముసాయిదా పంపారు, అంతా టారిఫ్ పుస్తకంలోని సెక్షన్ నోట్లు, చాప్టర్ నోట్లు. చదివితే నాకే ఆ వస్తువు కళ్ళకి కట్టడం లేదు. ఇక చూడని మనిషికి ఎలా కడుతుంది? ఆ సాయంత్రం మేస్త్రి బాబాయ్‌ని పిలిచి సంగతి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా తయారైన డ్రైవర్ సీటు ఒకటి తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టాడు. స్పానర్‌తో రిక్లైనర్ విప్పాడు. వీపు దబ్బున వెనక్కి పడి నేలని తాకింది. "దీని మీద కూర్చుంటావా?" అన్నాడు. ఫోటో తీశాను. మళ్ళీ రిక్లైనర్ బిగించి, ఈసారి కింద రెయిళ్ళు రెండూ విప్పేసి, సీటుని సిమెంటు నేల మీద నేరుగా పెట్టాడు. తనే కూర్చున్నాడు, వెనక్కి ఆనుకున్నాడు, చేతులు స్టీరింగ్ పట్టుకున్నట్టు ముందుకి చాపాడు. స్టీరింగ్ అందదేమో గానీ సీటు సీటులాగే ఉంది. ఇంకో ఫోటో.

నా జవాబు ఆ రెండు ఫోటోల మీదే రాశాను. రిక్లైనర్ తీస్తే కూర్చోవడానికి సీటు ఉండదు, కాబట్టి అది సీటు భాగం. రెయిల్ తీస్తే సీటు ఉంటుంది, డ్రైవర్‌కీ స్టీరింగ్‌కీ మధ్య దూరం సరిచేసుకునే వీలు మాత్రం పోతుంది. రెయిల్ పై సగం సీటుకి, కింది సగం బస్సు నేలకి బిగుస్తుంది. ఒక పేజీలో ఇంతే రాసి, కింద 2008 తీర్పు జతచేశాను.

ఈలోగా సరుకు కంటైనర్ ఫ్రైట్ స్టేషన్‌లో, అంటే కంటైనర్లు విప్పి సరుకు ఉంచే గోదాములో, ఉంది. ఉచితంగా ఉంచే రోజులు అయిపోతే రోజు రోజుకీ గ్రౌండ్ రెంట్ పెరుగుతుంది. ఆటోనగర్‌లో ఇద్దరు బాడీ బిల్డర్లు పొద్దున్నే ఫోన్ చేసి "ఏమైందండీ సీట్లు" అని అడుగుతున్నారు.

జవాబు మూడో రోజు వచ్చింది. రిక్లైనర్లకి 9401 ఒప్పుకున్నారు. రెయిళ్ళకి ఒప్పుకోలేదు. డ్రైవర్ సీటుతో కలిపి వాడటానికే చేసిన వస్తువు కాబట్టి 9401లోకే మారుస్తున్నామన్నారు.

రెయిళ్ళ విలువ 1,40,000. పాత లెక్కలో మొత్తం 68,768 కట్టాలి, కొత్త లెక్కలో 70,630. ఆ రోజు అదనంగా కట్టాల్సింది 1,862 రూపాయలే. నాకు తిరిగిరాని డ్యూటీ మాత్రం 23,100 నుంచి 38,500కి పెరిగింది. అంటే నిజంగా పోయింది 15,400. పైకి రెండు వేలు కూడా లేని తేడాలో అంత నష్టం దాక్కుని ఉంటుంది. ఇది తెలియక చాలామంది "పోనీలే" అని సంతకం పెట్టేస్తారు.

నేను ఒప్పుకోలేదని రాసిచ్చి, నిరసన తెలుపుతూ డబ్బు కట్టి, సరుకు విడిపించుకున్నాను. అలా ఒప్పుకోనప్పుడు పదిహేను రోజుల్లో కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వాలని కస్టమ్స్ చట్టం సెక్షన్ 17(5) చెప్తుంది. అడిగాను, వచ్చింది. నా ఫోటోల ప్రస్తావన కూడా అందులో ఉంది. అప్పీలుకి 60 రోజుల గడువు. వకీలు గారు ఫీజు చెప్పాక, 15,400 కోసం వెళ్ళడం కుదరదని నాన్న, నేను నిర్ణయించుకున్నాం. వెయ్యి సెట్లు తెప్పించేవాడినైతే తప్పకుండా వెళ్ళేవాడిని. ఇప్పటికీ నా జవాబే సరైనదని నా నమ్మకం.

సరుకు షెడ్డుకి వచ్చిన రోజు పండగలా ఉంది. ప్యాలెట్ల చెక్క మీద పురుగు పట్టకుండా వేడిచేసినట్టు ముద్ర ఉందో లేదో చూశాం, ఉంది. మూడు ప్యాలెట్లు బాగున్నాయి. నాలుగోది విప్పితే పెట్టెల అడుగున తడి. సముద్రం మీద కంటైనర్ లోపల పగలు వేడి, రాత్రి చల్లదనం, చెమట పట్టి నీళ్ళు కారతాయి. తుప్పు పట్టకుండా చుట్టాల్సిన వీసీఐ కాగితం ఆ ప్యాలెట్‌లో వాడలేదు, మామూలు ప్లాస్టిక్ కవరు చుట్టారు. 160 రిక్లైనర్ల పిన్నుల మీద పసుపు రంగు పొడిలాగా తుప్పు. వేలితో రుద్దితే అంటుకుంటోంది. పెట్టెలు కదపకుండానే ఫోటోలు, వీడియో తీసి పంపాను. సరఫరాదారు వాదించకుండా ఆ 160కి సరిపడా డబ్బు తర్వాతి ఆర్డరులో తగ్గిస్తానన్నారు, తగ్గించారు కూడా. వాటిని కిరోసిన్‌లో కడిగి చూసినా మేస్త్రి బాబాయ్ సీట్లకి వెయ్యనివ్వలేదు. పక్కన పడేశాం.

పని అయిపోయిందనుకున్న ఆరు నెలలకి బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. విదేశానికి పంపిన ప్రతి డాలరుకీ సరుకు వచ్చిందని బిల్ ఆఫ్ ఎంట్రీతో జతచేసి చూపాలట. ఐడీపీఎంఎస్ అనే రిజర్వ్ బ్యాంకు వ్యవస్థలో మా అడ్వాన్సు ఇంకా తెరిచే ఉంది. ఒక ఫారం, రెండు కాపీలు ఇస్తే అయిపోయింది. చూసుకోకపోతే తర్వాతి చెల్లింపు దగ్గర బ్యాంకు ఆపేస్తుంది.

అప్పటి నుంచి రేట్లు చాలా మారాయి. 2024 అక్టోబరు 10 నుంచి కారు సీట్ల జీఎస్టీని మోటార్‌సైకిల్ సీట్లతో సమానం చేస్తూ 18 నుంచి 28 శాతానికి పెంచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో పార్టులన్నిటినీ 18 శాతానికి తెచ్చారు. అంటే రెండు నంబర్ల మధ్య ఐజీఎస్టీ తేడా పోయింది, డ్యూటీ తేడా ఇక దాక్కోదు, కట్టే రోజే కనిపిస్తుంది. మీరు తెప్పించే రోజు ఏ రేటు ఉందో ఆ రోజే చూసుకోండి, నా అంకెలు పట్టుకుని వెళ్ళొద్దు.

రెండో ఆర్డరు ఎఫ్‌ఓబీలో పెట్టాను, ఫార్వర్డర్‌ని నేనే మాట్లాడుకున్నాను, ఇక్కడి ఛార్జీలన్నీ ముందే రాయించుకున్నాను. ప్రతి పెట్టెలో వీసీఐ కాగితం ఉండాలని ఆర్డరులోనే రాశాను. ఇన్వాయిస్‌లో రిక్లైనర్‌కి ఇలా రాయించాను: "బస్సు ప్రయాణికుల సీటు వీపు వాల్చే రిక్లైనర్, ఉక్కు, ఎడమవైపు, 600." దాని కింద "కుడివైపు, 600." రెయిళ్ళు ఈసారి తెప్పించలేదు. కాగితాలు పంపేముందు మేస్త్రి బాబాయ్‌కి చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "ఎడమ అంటే కూర్చున్నవాడి ఎడమా, ఎదురుగా నిలబడి చూసేవాడి ఎడమా?" అని అడిగాడు. అది కూడా రాయించాను.